పిన్ని ఎంచుకున్న యాంప్లిఫైయర్

మా పిన్ని పోయింది. కబురు చెప్పింది ఆవిడ మరిది, మా చిన్న బాబాయి. జగ్గయ్యపేటలో కాలేజీలో క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములోకి వస్తుంటే ఫోన్ మోగింది. "మీ పిన్ని లేదమ్మా. పొద్దున టిఫిను తిని వరండాలో పేపరు పట్టుకుని కూర్చుందంట. పనమ్మాయి పిలిస్తే పలకలా. చెవులు వినపడవు కదా అని అది కాసేపు పట్టించుకోలేదు" అన్నాడు. డాక్టరు వచ్చేసరికే గుండె ఆగిపోయిందట. నందిగామ బస్సెక్కి, కిటికీ పక్క సీటులో కూర్చుని, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాను.

ఇంటికి వెళ్ళి పిన్ని పాదాల దగ్గర కూర్చున్నానో లేదో, వెనక హాల్లోంచి ఎవరిదో గొంతు వినపడింది. "ఇదేనా ఆ యాంప్లిఫైయరు? దీనికి పోసిన డబ్బుతో ఓ కారొచ్చేది. ఏం విన్నదని?" దానికి ఇంకెవరో నవ్వారు. మనిషి ఇంకా అక్కడే పడుకుని ఉంది, దీపం వెలుగుతోంది, వీళ్ళు నవ్వుతున్నారు. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. కడుపు మండిపోయింది. ఆ మంట ఇవాళ్టికీ చల్లారలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ మంటతోనే రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మా పిన్ని మెత్తని మనిషి కాదు, నేనూ కాదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున చెవిటికల్లు. చెవులు మందగించిన కొత్తలో ఎవరైనా జాలిపడబోతే పిన్నే ముందు అనేసేది: "పుట్టింది చెవిటికల్లులో, ఇంకెట్టా చస్తాయి చెవులు!" ఎదుటివాళ్ళు నవ్వాలో మానాలో తెలియక నిలబడిపోయేవాళ్ళు. జాలిని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు.

పిల్లలు లేరు. బాబాయి పోయాక పొలం కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోమని అందరూ చెప్పారు. వినలేదు. మిర్చి, పత్తి తనే వేయించింది. రోజూ పొలం వెళ్ళడం కుదిరేది కాదు కాబట్టి అక్కడున్న మనిషికి ఫోన్ చేసి, "ఫోను కాస్త మోటారు దగ్గర పెట్టు" అనేది. చెవికి ఆనించుకుని ఒక్క క్షణం వినేది. "నీళ్ళు కాదు, గాలి లాగుతోంది. ఆపెయ్" అనేది. ఎప్పుడూ తప్పు చెప్పినట్టు నాకు గుర్తు లేదు. అలాంటిది ఒకరోజు నేను పక్కనుండగా ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చింది. తర్వాత మెల్లగా, "నువ్వే చూసి చెప్పు నాయనా" అని పెట్టేసింది. నావైపు చూడలేదు.

విజయవాడలో చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన పరీక్షలు చేసి, నాకేసి తిరిగి, నరం సమస్య అనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కూడా మెల్లమెల్లగా తగ్గుతుందనీ చెప్పాడు. చెవుల్లో మిషన్లు పెట్టుకుంటే కొన్నాళ్ళు బాగానే నడుస్తుందట. ఆ ముక్క మాత్రం పిన్నికి చెవి దగ్గర అరిచి చెప్పబోయాడు.

"అరవకండి డాక్టరు గారూ. మెల్లగా, నా మొహం చూసి చెప్పండి. చెవులు నావి, దానివి కాదు" అంది పిన్ని.

తిరుగు బస్సులో కంచికచర్ల దాటాం. నేను ధైర్యం చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఉన్నట్టుండి, "సెట్టు కొంటా" అంది.

"ఏం సెట్టు పిన్నీ?"

"పాటలకీ, సినిమాలకీ. మంచిది. మీ బాబాయి కొందాం కొందాం అంటూనే పోయాడు."

"ఇప్పుడెందుకు పిన్నీ? చెవులు..."

"పోతున్నాయి కాబట్టే. చెవులున్నోళ్ళకి తొందరేముందే? వాళ్ళు వచ్చే ఏడు కొనుక్కుంటారు. నాకు వచ్చే ఏడు ఎంత మిగులుద్దో ఎవరికి తెలుసు?"

దీనికి మీ దగ్గర సమాధానముంటే చెప్పండి.

అక్కడి నుంచి ఊరి నోరు మొదలైంది. మొగుడు పోయిన మనిషికి పాటలేంటి, సినిమాలేంటి అన్నారు కొందరు. ఆ వయసులో కాశీకి వెళ్ళొచ్చుగా అన్నారు ఇంకొందరు. చిన్న బాబాయి అయితే నడింట్లో నిలబడి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంటది వదినా" అనేశాడు. పిన్ని పప్పు తాలింపు వేస్తోంది. గరిటె ఆపకుండానే, "ఊదించుకునేది నేను. నీ శంఖమేమన్నా అడిగానా?" అంది. మళ్ళీ ఆయనకే ముందు అన్నం వడ్డించింది. ఆయన తలొంచుకుని తినేసి వెళ్ళాడు.

ముందు స్పీకర్లు వచ్చాయి. హైదరాబాద్ వెళ్ళి, విని, నచ్చినవి తెచ్చుకుంది. ముందు వైపు నిలువెత్తువి రెండు, సినిమాల్లో మాటల కోసం నడుమ ఒకటి, వెనక చిన్నవి రెండు. యాంప్లిఫైయర్ సంగతి అప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. ఇంట్లో బాబాయి ఉన్నప్పటి హోమ్ థియేటర్ పెట్టె ఒకటి ఉంది, దానికే తగిలించాం. సినిమా పెట్టాం. మాటల దాకా ఫరవాలేదు. ఫైటు మొదలవగానే పెట్టె వేడెక్కిపోయి టక్కున ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆగింది. పాటలు పెడితే నూతిలోంచి పాడినట్టు వచ్చాయి. నేను స్పీకర్లనే తిట్టాను. పిన్ని మాత్రం, "స్పీకర్లు మంచివే. వెనకనించి తోసేది చాలట్లేదు" అంది.

ఇక్కడ చిన్న బాబాయి సాయానికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. మా వైపు శబ్దానికి ఒకటే కొలత: ఎంత దూరం వినపడుతుంది? పెళ్ళి ఊరేగింపులో ట్రాక్టరు మీద బాక్సులు కడితే పక్కూరికి వినపడాలి, లేకపోతే పెళ్ళివారికి పరువు తక్కువ. ఆ కొలతే ఆయనకీ తెలుసు. అందుకని ఫంక్షన్లకి సౌండ్ పెట్టే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, ఇనప్పెట్టె లాంటి యాంప్లిఫైయర్ మోయించుకుని వచ్చాడు. "వినపడని మనిషికి పవరు కావాలి వదినా. ఇది పెడితే కంచికచర్ల దాకా వినపడుద్ది" అన్నాడు.

"నేనుండేది నందిగామలో కదా చిన్నబ్బాయ్" అంది పిన్ని. అయినా పెట్టనిచ్చింది.

ఆ స్నేహితుడు బటన్ తిప్పాడు. ఓరి నాయనో! వంటింట్లో స్టీలు గ్లాసులు అరమీంచి దూకాయి. కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. ఎదురింటి కోడలు చేతిలో పిండితోనే బయటికి పరిగెత్తుకొచ్చి, "ఎవరిదండీ పెళ్ళి?" అని అడిగింది. చిన్న బాబాయి మొహం వెలిగిపోతోంది. పిన్ని చెవుల్లో మిషన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది, లేచి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"వినపడిందా వదినా?"

"గోడలకి కూడా వినపడింది. ఏం పాడాడో చెప్పు?"

ఆయన స్నేహితుడి వంక చూశాడు. స్నేహితుడు వైర్ల వంక చూశాడు.

"నీకూ తెలీలా, నాకూ తెలీలా. మరి ఎవరికోసం పెట్టావు?" అంది పిన్ని. "చిన్నబ్బాయ్, నాకు శబ్దం తక్కువై కాదు బాధ. శబ్దం వస్తది, మాట రాదు. మీరు అరిచే కొద్దీ మాట పగిలిపోద్ది. నాకు మెల్లగా చెప్పినా తెలిసేది కావాలి."

చెవులు తగ్గినవాళ్ళతో మనం చేసే తప్పంతా ఆ మధ్యాహ్నం ఆ హాల్లో ఉంది. మనం గొంతు పెంచుతాం, వాళ్ళు ఇంకా దూరమవుతారు, విసుక్కుంటాం. నేనూ ఫోన్లో అరిచేదాన్నే. ఆ రోజు నుంచి మానేశాను.

తర్వాత యాంప్లిఫైయర్ వేట మొదలైంది. విజయవాడలో చూశాం, తర్వాత హైదరాబాద్ వెళ్ళాం. పిన్ని, నేను, మా ఆయన. షాపులో ఏసీ గదులు, మెత్తటి సోఫాలు. సేల్స్ అతను నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చి, "సార్, రూము సైజెంత?" అన్నాడు. మా ఆయన పిన్నిని చూపించాడు. అతను పిన్ని చెవుల్లో మిషన్లు చూశాడు, చూసి వంగి, "అమ్మా! బడ్జెట్ ఎంతమ్మా!" అని గావుకేక పెట్టాడు.

"నాయనా, నేను కొనడానికొచ్చా, తప్పిపోయి రాలా. మామూలుగా మాట్లాడు" అంది పిన్ని. పాపం, అతను మంచివాడే. ఆ తర్వాత చివరిదాకా పిన్ని మొహం చూసే మాట్లాడాడు.

పిన్ని పద్ధతి ఒకటే. చిన్నప్పటి నుంచి తనకి తెలిసిన పాట ఒకటి వెంట తెచ్చుకుంది. ఆడమనిషి గొంతు, రెండో చరణం ముందు చిన్న ఫ్లూటు ముక్క. ఏ యాంప్లిఫైయర్ పెట్టినా అదే పాట, తన ఇంట్లో ఉన్నవాటి లాంటి స్పీకర్లతోనే, అదే చోట కూర్చుని. శబ్దం తక్కువలో. అతను గొప్ప కోసం పెంచబోతే చెయ్యెత్తి ఆపేది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి పోల్చేటప్పుడు, "రెండూ ఒకే గొంతులో పెట్టు నాయనా. ఒకటి కాస్త పెద్దగా పెడితే అదే బాగున్నట్టుంటది. ఆ మాయ నాకు తెలుసు" అనేది. అతను నవ్వేసి, శబ్దం కొలిచే మీటరు తెచ్చి మరీ సరిచూసి పెట్టాడు.

మొదటిది అట్ట మీద వాట్లు అన్నిటికంటే ఎక్కువ రాసున్నది. పిన్ని విని పెదవి విరిచింది. రెండోది చూడముచ్చటగా ఉంది, పాత రేడియోల్లో వాల్వుల్లాంటి గాజు బుడ్లు దీపాల్లా వెలుగుతున్నాయి. పాట తేనెలా వచ్చింది. నేనైతే అదే కొనేసేదాన్ని. పిన్ని కళ్ళు తెరిచి, "తియ్యగా ఉంది. కానీ పాడిన మనిషి అంత తియ్యగా పాడలా. ఇది పంచదార కలుపుతోంది. నాకు మిగిలింది కొంచెం, దాన్లో కలిపిందొద్దు. ఉన్నది ఉన్నట్టు కావాలి" అంది.

మూడోది నల్లగా, మొండిగా, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని బరువు. కాగితం మీద వాట్లు మొదటిదానికంటే తక్కువ. మా ఆయన అదే అడిగాడు. సేల్స్ అతను, పిన్ని ఇంట్లో స్పీకర్లు నాలుగే ఓమ్‌లవనీ, అంటే కరెంటుకి అడ్డు తక్కువనీ, అవి కరెంటు ఎక్కువ లాగుతాయనీ, తేలిక పెట్టెలు ఆ లాగుడు తట్టుకోలేకే వేడెక్కి ఆగిపోతాయనీ, దీని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది కాబట్టి నిలబడుతుందనీ వివరించాడు. మా ఆయన ఇంకా బుర్ర గోక్కుంటున్నాడు. పిన్ని అందుకుంది.

"బోరు మోటారు తెలీదా నీకు? రేకు మీద హెచ్‌పీ ఎంతైనా రాస్తాడు. వేసవికాలం ఓల్టేజీ పడిపోయినప్పుడు లోతునించి నీళ్ళు ఎత్తుద్దా లేదా, అదీ లెక్క."

"కరెక్ట్ మేడమ్" అన్నాడు అతను. అప్పటిదాకా అమ్మా అన్నవాడు మేడమ్ అన్నాడు. పిన్ని నావైపు తిరిగి కన్నుకొట్టింది.

ఆ నల్లపెట్టె మీద పాట పెట్టినప్పుడు నేను పిన్ని పక్కనే ఉన్నాను. శబ్దం ఎంత తక్కువంటే, ఏసీ చప్పుడు దాటి వస్తోంది అంతే. రెండో చరణం ముందు పిన్ని నా తొడ మీద గట్టిగా చరిచింది. ఇప్పటికీ ఆ దెబ్బ గుర్తుంది. "వచ్చిందే! ఫ్లూటు వచ్చిందే!" అంది. మిషన్లు పెట్టుకున్నాక కూడా ఆ ముక్క తనకి వినపడటం మానేసి చాలా కాలమైందని అప్పుడు చెప్పింది. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ షాపులో సోఫాలో కూర్చుని ఇద్దరం ఏడ్చాం. మా ఆయన బయటికెళ్ళి టీ తాగొచ్చాడు.

ఇంట్లో పాత హోమ్ థియేటర్ పెట్టెని పారేయలేదు. సినిమాల్లో ఏ మాట ఏ స్పీకరుకి వెళ్ళాలో పంచే పని దానికి వదిలేసి, ముందున్న పెద్ద స్పీకర్ల బరువంతా కొత్తదాని మీద పెట్టించింది. మాట మారుమోగకుండా గోడలకి మందపాటి పరదాలు కట్టించి, నేల మీద జంపఖానా పరిపించింది. సినిమా పెట్టాం. హాస్యం సీను వచ్చింది. మాతో పాటే, మేం నవ్విన క్షణంలోనే పిన్ని నవ్వింది. థియేటర్లో అందరి నవ్వూ అయిపోయాక ఒక్కతే ఆలస్యంగా నవ్వి, సిగ్గుపడి, ఇక సినిమాకే రానని కూర్చున్న మనిషి! ఆ నవ్వుకి వెల కట్టగలిగినవాళ్ళు వచ్చి కట్టండి, చూస్తాను.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు ఆ హాలు నిండిపోయేది. పక్కింటి టీచరు గారు, ఎదురింటి కోడలు, జగ్గయ్యపేట నుంచి నేను. చేగోడీలు, టీ. పాట నడుస్తుంటే మాట్లాడితే ఊరుకునేది కాదు. "కబుర్లు చెప్పుకోవాలంటే అరుగు మీద చెప్పుకోండి. ఇది వినే చోటు" అనేది. శబ్దం పెంచమని ఎవరన్నా అడిగితే, "నువ్వు తగ్గు, అదే వినపడుద్ది" అనేది. ఎదురింటి కోడలు ఆ మాట ఇప్పుడు తన పిల్లల మీద వాడుతోంది.

అయితే డాక్టరు చెప్పిందీ జరిగింది. ముందు ఫ్లూటు మళ్ళీ పోయింది. తర్వాత ఆడగొంతులు పోయాయి. తబలా మాత్రం చాలా కాలం మిగిలింది. మిషన్లు మార్పించాం, సరిచేయించాం. పిన్ని నోటివెంట ఒక్క అయ్యో రాలేదు. నాకే వచ్చింది, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆదివారాలు మాత్రం ఆగలేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక చిన్న బాబాయి ఆ నల్లపెట్టె పక్కన నిలబడి నన్ను పిలిచాడు. నలుగురూ ఉన్నారు. "కోపం తెచ్చుకోకు అమ్మాయ్. ఉన్నమాట చెప్పు. చివర్లో ఆవిడకి ఇది వినపడిందా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు, కళ్ళల్లో నీళ్ళున్నాయి. అయినా నా కోపం నాదే. "కూర్చో బాబాయ్, చెప్తా. అందరూ కూర్చోండి" అన్నాను. వాళ్ళకి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

పోవడానికి ముందు ఆదివారం. నేను వెళ్ళేసరికి హాల్లో పిన్ని తన కుర్చీ తీసుకెళ్ళి రెండు స్పీకర్ల మధ్యన, వాటికి వీపు పెట్టి, మావైపు తిప్పి వేసుకుని ఉంది. టీచరు గారూ, ఎదురింటి కోడలూ ఏమనాలో తెలియక సర్దుక్కూర్చున్నారు. నేను ఎదురుగా నిలబడి, నా మొహం కనపడేలా, "ఇదేంటి పిన్నీ, ఇటు తిరిగావు?" అని అడిగాను.

"అటు కూర్చుంటే రెండు పెట్టెలు కనపడతాయి. ఇటు కూర్చుంటే మీరు కనపడతారు" అంది.

మిషన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ పాటే పెట్టించింది, ఎప్పటిలా తక్కువలో. పాట మొదలైంది. పిన్ని మా మొహాలు చూస్తూ కూర్చుంది. నన్నోసారి, టీచరు గారినోసారి, ఎదురింటి కోడల్నోసారి. నేను తల దించుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. మొదటి చరణం అయింది. పల్లవి మళ్ళీ వచ్చి వెళ్ళింది. టీచరు గారి కళ్ళు మెల్లగా మూతలు పడ్డాయి, గడ్డం కాస్త పైకి లేచింది. సరిగ్గా అప్పుడు పిన్ని చూపుడు వేలు పైకెత్తింది.

"వచ్చింది కదూ, ఫ్లూటు?"

టీచరు గారు కళ్ళు తెరిచి పిన్ని వంక చూశారు. నేనే గట్టిగా తలూపాను. "వచ్చింది పిన్నీ."

"మరి నాకు వినపడదని ఎవడే అన్నది?" అంది పిన్ని.

మా మొహాల మీంచి చూపు తియ్యలేదు. ఆ ముక్క నడిచినంతసేపూ వేలు అలాగే ఎత్తి ఉంచింది. ఫ్లూటు ఆగి గొంతు అందుకోగానే వేలు దించింది.